ఓకు పీపాలో ముదిరిన నల్లబీరు

నేడు నేను మాటలాడబోవు విషయము వినినంతనే మీలో కొందఱు రేడియో కట్టివేయుదురేమో యని జంకుచునే మొదలుపెట్టుచున్నాను. ముప్పది యేండ్లకు పైగా బడిలో శబ్దములును, ఛందస్సును, అమరమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. సంధ్యావందనము విడువనివాడను. అట్టివాడు బీరు రుచిని గూర్చి ప్రసంగించుట యేమి వింత యని మీరనుకొనుట న్యాయమే. నా యీ వయసు వఱకు నేను రుచి చూచిన మద్యము మొత్తము ఒక ఉద్ధరిణెడు. ఆ మాట నిచ్చట వాడుటకు నోరు రాదు గాని, పరిమాణము చెప్పుటకు అంతకంటె సరియైన మాట నాకు దొరకలేదు. ఆ ఉద్ధరిణెడు ఎట్టిదో, దానిలో ఏమేమి యున్నదో, అది నా నాలుక మీదికి ఏల వచ్చినదో చెప్పెదను.

మొదట ఒక మాట చెప్పక తప్పదు. మా పెద్దన్న సారాయికి బలియైనాడు. రెండెకరముల మాగాణియు, మా వదినె మెడలోని బంగారమును, తుదకు ఆయన కాలేయమును ఆ క్రమముననే పోయినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగడి మూయించినప్పుడు, ఆ వార్త విని మా యూరి స్త్రీలును కదలిరి. వారికి రాత్రిబడిలో అక్షరములు చెప్పినవారిలో నేనొకడను. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి మన రాష్ట్రమున సారాయి నిషేధింపబడుటయు, 1995 జనవరి 16వ తేదీని సంపూర్ణ మద్యనిషేధము వచ్చుటయు, 1997లో అది సడలిపోవుటయు మీరెఱిగినదే. కావున నేను ఏ పక్షమువాడనో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మా యమ్మాయియు అల్లుడును అమెరికాలో చికాగో నగరమునకు సమీపమున కాపురముందురు. 2022లో మేము దంపతులము వారియొద్ద ఆఱు మాసములుంటిమి. శనివారములందు అరోరా పట్టణములోని శ్రీ వేంకటేశ్వరాలయమునకు పోయి వచ్చుచుంటిమి. దక్కిన దినములలో నాకు పని లేదు. నవంబరు మాసము కడపట చలి హెచ్చగా, పాత శాలువ యున్న పెట్టె వెదకుటకు మేడమెట్ల క్రింది గదిలోనికి పోతిని. అచ్చట, చీకటిలో, గుడ్డ కప్పిన చెక్క అర మీద నల్లని సీసాలు పదునొకండు వరుసగా నిలిచి యున్నవి. ప్రతి సీసా మెడకును ఒక కాగితపు ముక్క కట్టి, దానిపై సంవత్సరము వ్రాసియున్నది. గుడ్డను మరల కప్పి వెలుపలికి వచ్చితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వదినె ముఖమునకు మా యమ్మాయి ముఖము అడ్డము వచ్చుచుండెను.

రెండు దినములు ఊరకుంటిని. మూడవనాడు అల్లుని పిలిచి యడిగితిని. అతడు తల వంచుకొని, “మామయ్యగారూ, దాచినమాట నిజమే. పెద్దమామయ్యగారి సంగతి నాకు తెలియును గనుకనే దాచితిని” అనెను. అతడు ఆహారపదార్థములను పరీక్షించు ప్రయోగశాలలో పనిచేయు రసాయనశాస్త్రవేత్త. “నాయనా, వస్తువేమో తెలియక కోపపడుట చదువుకొన్నవాని లక్షణము కాదు. అదేమో మొదటినుండి చెప్పుము. విన్న పిమ్మట కోపపడవలసి యున్నచో కోపపడెదను” అంటిని. అతడు చెప్పినదియు, నేను తరువాత చదివి తెలిసికొన్నదియు కలిపి మీకు చెప్పుచున్నాను.

బీరు అనునది బార్లీ, అనగా యవధాన్యమును పులియబెట్టి తీయు పానీయము. ధాన్యమునుండి తీసిన మద్యమునకు సుర యని మన పూర్వులు పేరిడిరి. తాటికల్లులో చక్కెర చెట్టే సిద్ధము చేసి యిచ్చును. ఉదయము దింపినది మధ్యాహ్నమునకు తనంత తానే పులియును. గింజలో నున్నది పిండిపదార్థము. అది నేరుగా పులియదు. కావున యవలను నానబెట్టి మొలకెత్తింతురు. మన స్త్రీలు పసిపిల్లలకు రాగులను మొలకగట్టి ఎండబెట్టి పిండి చేయుదురు గదా, ఆ పద్ధతియే. మొలకలో పుట్టిన సారము పిండిని చక్కెరగ మార్చును. ఎండిన మొలకధాన్యమును చిదిపి, చేయి పెట్టలేనంత వేడినీటిలో గంటసేపు ఉంచినచో తియ్యని కషాయము దిగును. దానిలో హాప్ అను తీగ పువ్వులను వైచి కాచుదురు. ఈ తీగ గంజాయి వంశములోనిదే యైనను దానివంటి మత్తు గలది కాదు. చేదునిచ్చి, చెడకుండ కాపాడును. చల్లారిన పిమ్మట ఈస్టు అను సూక్ష్మజీవులను కలుపుదురు. అవి చక్కెరను తిని మద్యసారమును, నురుగు లేపు వాయువును విడుచును.

మఱి నలుపెక్కడిది? కొన్ని మొలకగింజలను కాఫీగింజల వలె నల్లగ వేపి కలుపుటచే వచ్చును. పూర్వము ఇంగ్లండులో కట్టెలమంట మీద గోధుమవన్నెకు వేపుచుండిరి. 1817లో డేనియల్ వీలరు అనునతడు గింజ మాడిపోకుండ నల్లబడునట్లు వేపెడు తిరుగుడు పీపాకు హక్కుపత్రము పొందెను. నాటినుండి కాటుక వంటి నల్లని బీరు చేయుట సులభమైనది. లండను మూటకూలీలకు ప్రీతియైనది గనుక దానికి పోర్టరు అను పేరు కలిగినది. అందు బలమైనదానిని స్టౌటు అనిరి. ఆ మాటకు బలిష్ఠమనియే అర్థము. కుంఫిణీ కాలమున ఈ పోర్టరు ఓడలలో మన దేశమునకును వచ్చినది, ఇచ్చటి ఇంగ్లీషు సైనికుల కొఱకు.

ఇంతవఱకును గింజ సంగతి. ఇక నాకు ఆసక్తి కలిగించినది చెక్క సంగతి. ఓకు అనునది మన యూళ్లలో లేని చెట్టు. ఐనను దానితో మనకు చుట్టఱికము లేకపోలేదు. పచారికొట్టులో మాచికాయ అడిగి తెచ్చి, అరగదీసి, బాలెంతలకును పసిబిడ్డలకును వాడినవారు మీలో ఎందఱో యుందురు. అది కాయ కానే కాదు. పశ్చిమాసియాలో పెరుగు ఒక జాతి ఓకు కొమ్మకు చిన్న కందిరీగ వంటి పురుగు కుట్టి గ్రుడ్డు పెట్టగా, ఆ చోట చెట్టు ఉబ్బి కట్టిన బుడిపె. అరువది యేండ్లు మాచికాయ యను మాట పలికి, అది యే చెట్టుదో నేను చికాగోలో తెలిసికొంటిని. నిఘంటువు చదివినవానికి చెట్టు తెలిసినదనుకొనుట పొరపాటు.

అమెరికాలో పీపాలకు వాడునది తెల్ల ఓకు. ఎఱ్ఱ ఓకు అనునదియు కలదు గాని దాని చేవలోని సన్నని గొట్టములు తెఱచియుండును. దాని చిన్న ముక్కకు ఒక కొన నోరు పెట్టి ఊది, రెండవ కొనను నీటిలో ముంచినచో బుడగలు వచ్చును. అట్టి చెక్కతో పీపా చేసినచో కారిపోవును. తెల్ల ఓకులో ఆ గొట్టములు చెట్టు ముదురుచుండగా తమంత తాము పూడుకొనిపోవును. పలకలను చాలకాలము ఆరబెట్టి, నడుమ వెడల్పును కొనలు సన్నమును అగునట్లు చెక్కి, వలయముగ నిలిపి, వేడిమిచే వంచి, ఇనుప కట్లు బిగింతురు. మేకు లేదు, జిగురు లేదు. చెక్క తడిసి ఉబ్బి తన్ను తానే మూసికొనును. మన బండిచక్రమునకు కమ్మి వేయు కమ్మరిని చూచినవారికి ఆ పనితనము సుబోధము.

పిమ్మట పీపా లోపలి భాగమును మంటతో కాల్చి బొగ్గు చేయుదురు. ఇది పిచ్చిపని వలె తోచును గాని రుచి యంతయు ఇచ్చటనే పుట్టుచున్నది. బొగ్గుపొరకు వెనుక నున్న చెక్క సగము వేగును. చెక్కలోని ఒక పదార్థము విఱిగి వెనిల్లా పరిమళ మగును. ఐస్‌క్రీములో పిల్లలు తిను వాసన యదియే. వేఱొక పదార్థము బెల్లపు ముదురుపాకపు వాసన యగును. ఓకులో స్వభావముననే యున్న నూనెగుణము ఎండుకొబ్బరి వాసన నిచ్చును. వీటన్నిటికి క్రింద చెక్కలోని వగరు ఉండనే యున్నది.

ఈ కాల్చిన పీపాలు మొదట బీరు కొఱకు చేసినవి కావు. అమెరికాలో కెంటకీ మొదలగు సీమలందు మొక్కజొన్న ప్రధానముగ బట్టీ పెట్టి దింపు ఘాటైన మద్యమునకు బూర్బను అని పేరు. దానిని లోపల కాల్చిన క్రొత్త ఓకు పాత్రలోనే నిలువ చేయవలెనని అచ్చటి చట్టము. ఒకసారి వాడిన పీపా మరల బూర్బనుకు పనికిరాదు. ఒక్కొక్కటి సుమారు 200 లీటర్లు పట్టు మంచి పీపాలు ఇట్లు లక్షలకొలదిగ మిగులుచుండును. చాలభాగము స్కాట్లండు మొదలగు చోట్లకు పోవును. కొన్ని బీరు చేయువారు కొందురు. పీపా ఖాళీయైనను చెక్క త్రాగిన మద్యము చెక్కలోనే యుండును. మన ఊరగాయ జాడీని ఎన్ని మార్లు కడిగినను మరుసటి యేడు మూత తీయగనే పాత ఆవకాయ పలుకరించుట మీరెఱుగుదురు. జాడీకి మెఱుగు కలదు, లోనికి పీల్చుకొనదు. కల్లు లొట్టి పీల్చుకొనును. ఓకు పీపా ఆ లొట్టి జాతి.

నల్లని స్టౌటును ఆ పీపాలో పోసి ఎనిమిది మాసములో, సంవత్సరమో, అంతకు పైననో ఉంతురు. కొట్టులో ఋతువులు మాఱుచుండును. వేసవిలో ద్రవము వ్యాకోచించి చెక్కలోనికి చొచ్చును. చలికి సంకోచించి చెక్కలోని సారమును తోడ్కొని వెనుకకు వచ్చును. కొంత ఆవిరియై పోవును. పోయినదానికి అచ్చటివారు దేవదూతల వాటా యని ముద్దుపేరు పెట్టిరి. ఇట్లు ముదిరినదానిని చలికాలపు మొదట సీసాలలో నింపి అమ్ముదురు. అమెరికాలో నవంబరు నాలుగవ గురువారము కృతజ్ఞతాదినోత్సవము. ఆ మరునాడు కొన్ని దుకాణముల ముందు తెల్లవాఱకముందే వరుసలు కట్టి నిలుతురట. ఏడాదికొకసారి వచ్చు వస్తువునకు అంతటి గిరాకి యుండుట మనకు క్రొత్త గాదు. తొలి మామిడి సంతలో మనము చేయునదియు అంతియే.

బీరును ఓకులో ముదురబెట్టుట అమెరికా కనిపెట్టినది కాదు. పదునెనిమిదవ శతాబ్దిలోనే లండనులో ఇండ్లంత ఎత్తుగల ఓకు తొట్లలో పోర్టరును మాసముల తరబడి నిలువ చేయుచుండిరి. 1814 అక్టోబరు 17వ తేదీ సాయంకాలము టాటెన్‌హామ్ కోర్టు రోడ్డు చెంత నున్న మ్యూ కంపెనీవారి కార్ఖానాలో 22 అడుగుల ఎత్తుగల ఒక తొట్టి ఇనుప కట్టు జాఱినది. అట్టిది అప్పుడప్పుడు జరుగునదే యని గుమాస్తా చీటీ వ్రాసి యూరకుండెను. ఒక గంట గడచినదో లేదో తొట్టి బ్రద్దలై, వెనుకగోడ కూలి, నల్లని వెల్లువ పేదల వాడ మీద పడెను. ఎనమండుగురు మరణించిరి; అందఱును స్త్రీలును పిల్లలునే. ఒక నేలమాళిగలో చనిపోయిన బిడ్డ చుట్టును కూర్చుండి ఏడ్చుచున్నవారును అందు కొందఱు. విచారణలో ఇది దైవికము, ఎవరి తప్పును లేదని తీర్పైనది. కట్టిన పన్ను కంపెనీవారికి తిరిగి వచ్చినది. చచ్చినవారికి వచ్చినది లేదు. త్రాగినవాడే గాక త్రాగనివాడును మద్యముచే చచ్చునని మా వదినె సంగతి తెలిసిన నాకు ఈ కథ క్రొత్తగ తోపలేదు.

ఆ నాటి ఓకు తొట్లలో మఱియొక వింత గలదు. చెక్క రంధ్రములందు కంటికి కనబడని జీవులు కాపురముండి బీరునకు ఒకవిధమగు పాతవాసన నిచ్చుచుండెను. 1904లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో క్లౌసెన్ అను శాస్త్రజ్ఞుడు ఆ జీవిని వేఱుచేసి, బ్రిటిషు శిలీంధ్రమను అర్థము వచ్చు పేరు పెట్టెను. బెల్జియములో రూసెలారె పట్టణమున రోడెన్‌బాక్ వారు నేటికిని పెద్ద ఓకు తొట్లలో ఎఱుపుగోధుమవన్నె బీరును రెండేండ్ల వఱకు ఉంచి, కావలెననియే పులుపెక్కింతురు. చికాగోవారి స్టౌటునకు పులుపు పనికిరాదు. ఒకరికి గుణమైనది వేఱొకరికి దోషము.

చికాగోలో ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినవారు గూస్ ఐలండు అను సంస్థవారు. 1988లో మొదలైన ఆ చిన్న కార్ఖానా గత శతాబ్దపు కడపటి దశకములో బూర్బను పీపాలందు స్టౌటును ముదురబెట్టెను. 2011లో ఆ సంస్థను ఒక మహాసంస్థ కొన్నది. 2015 సరకులో కొంత, సూక్ష్మజీవులు చేరి పులిసిపోగా, కొన్నవారికి పైకము తిరిగి యిచ్చిరి. చరిత్ర చెప్పుటకై పేరు చెప్పితిని గాని, మా యల్లుడు విప్పిన సీసా ఎవరిదో చెప్పను. అది ప్రకటన యగును, రేడియోవారు ఒప్పుకొనరు.

ఇది యంతయు విని, “సరే, విప్పుము” అంటిని. అల్లుడు తెల్లబోయెను. ఆ యేడు కార్తికము వెళ్లి మార్గశిరము వచ్చి మూడు నాలుగు దినములైనది, నాడు ఆదివారము. కార్తికమైనచో ఒప్పుకొనకనే పోవుదును. మా యావిడ చూచి చూడనట్లు లోపలికి వెడలిపోయినది. అమ్మాయి మాత్రము తలుపు నానుకొని నిలుచుండి నా ముఖమునే చూచుచుండెను.

రుచి చూచుటకు ఒక పద్ధతి కలదు. గాజుపాత్ర తామరమొగ్గ వలె నడుమ ఉబ్బి పైన ముకుళించి యుండవలెను, వాసన చెదరదు. ద్రవము మంచువలె చల్లగ నుండరాదు, చలి నాలుకను మొద్దుబఱచును. 12, 13 డిగ్రీల చలువ చాలును. సగము పాత్ర కూడ పోయరు. దీపమునకెదురుగ పట్టి చూచితిని. నడుమ సిరావలె నలుపు, అంచున ఎఱుపు డాలు. నురుగు పలుచనై కరిగిన బెల్లపు వన్నెగ నుండెను. పక్కకు వంచినచో గాజు మీద నూనెవలె మెల్లగ జాఱెను.

తరువాత వాసన. మనము రుచి యనుకొనునది చాలవఱకు వాసనయే. సందేహమైనచో ముక్కు గట్టిగ మూసికొని జీలకఱ్ఱ నమిలి చూడుడు. జీలకఱ్ఱయో ఊకయో తెలియదు. విడిచినంతనే తెలియును. నేను పాత్రను ముక్కు దగ్గఱకు తెచ్చినంతనే మొదట తగిలినది సారాయి ఘాటు. నలువదేండ్ల నాటి మా అన్న గుమ్మములో నిలిచినట్లయినది. పాత్రను బల్లమీద పెట్టివేసితిని. “వద్దు మామయ్యగారూ” అని అల్లుడు లేచినాడు. “ఉండు” అంటిని. కొంతసేపటికి ఆ ఘాటు పైనుండి తొలగగా, దాని క్రిందనుండి ఒక్కొక్కటిగ వెనిల్లా, ఎండుకొబ్బరి, మూకుడులో మాడిన బెల్లము, అప్పుడే వేపిన కాఫీగింజ వచ్చినవి. మా అన్న గుమ్మములో వీటిలో నొక్కటియు లేదు.

ద్రాక్షమద్యమును పరీక్షించువారు పుక్కిలించి ఉమ్మివేయుదురట. బీరు చేదు గొంతుక దగ్గఱ గాని పూర్తిగ తెలియదని దానిని మ్రింగుదురు. నేను చెప్పిన పరిమాణము నాలుక మీద పోసికొని, మన ఆయుర్వేదులు చెప్పిన ఆఱు రసములను మనసులో వరుసగ పిలిచితిని. మొదట పలికినది మధురము. పులియగా మిగిలిన చక్కెర, చాల చిక్కన. ఆమ్లము లేశమాత్రము. లవణము లేదు. వెనువెంటనే తిక్తము, కొంత వేపిన గింజది, కొంత హాప్ పువ్వుది. కాఫీ అడుగున మిగులు చేదు వంటిది. మ్రింగునప్పుడు కటువు, గొంతుక నుండి ఱొమ్ము వఱకు గీత గీచినట్లు వేడి. అంతయు పోయినదనుకొన్న పిమ్మట, నాలుక అంచులును చిగుళ్లును మెల్లగ ముడుచుకొనినవి. కషాయము. మన తెలుగున వగరు. అది చాలసేపు నిలిచినది.

“ఇది కరక్కాయ!” అంటిని, నాకు తెలియకుండగనే బిగ్గఱగ.

అల్లుడు నవ్వలేదు. ఓకు చెక్కలోని వగరు పదార్థములును కరక్కాయలోని వగరు పదార్థములును రసాయనశాస్త్రమున ఒకే కుటుంబములోనివనియు, ప్రయోగశాలలో యంత్రము పెట్టి చూచుదానిని నేను నాలుకతో చెప్పితిననియు అనెను. అప్పుడు నేను మా తాతగారి సంగతి చెప్పితిని. ఆయన కరక్కాయల కషాయములో అన్నభేది కలిపి సిరా చేయుచుండెను. యూరపులో శతాబ్దముల తరబడి వ్రాతకు వాడిన సిరాయు ఇట్టిదే. కరక్కాయకు మాఱుగ మాచికాయ. వారు ఓకు బెరడుతో తోలు పదును పెట్టినట్లు మనవారు తంగేడు చెక్కతోను కరక్కాయతోను పెట్టిరి. తోలును బిగించు గుణమే నాలుకను బిగించినది. ఆ సాయంకాలము మేమిద్దఱము బీరును మఱచి సిరాను గూర్చి రెండు గంటలు మాటలాడుకొంటిమి. మూడేండ్లుగ నా యల్లుడు నాతో అంతసేపు మాటలాడి యెఱుగడు.

ఐనను అసలు సంగతి యొకటి మిగిలియున్నది. రసములు ఆఱైనను మత్తు ఒక్కటే. తాటికల్లులో మద్యసారము నూటికి నాలుగైదు పాళ్లు. సాధారణపు బీరులో అయిదు. ఈ బీరులో పదునాలుగు. 355 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 50 మిల్లీలీటర్ల శుద్ధ మద్యసార మున్నదన్నమాట. సాధారణపు బీరు మూడు సీసాలకు సమానము. వెనిల్లా వాసన వచ్చినంత మాత్రమున కాలేయము దానిని వేఱుగ చూడదు. మద్యము ఏ పరిమాణమునను ఆరోగ్యమునకు నిరపాయము కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు స్పష్టముగ ప్రకటించిరి. మన వైద్యులిచ్చు ద్రాక్షారిష్టము వంటి అరిష్టములందును పులియుటచే పుట్టిన మద్యసారము కొంత యున్నది. కాని వాటిని చెంచాతో కొలిచి త్రాగుదుము. నేను రుచి చూచితినని మీరు చూడవలసిన పని లేదు. మా యూరి మనుమలు ఎవరైనను ఈ ప్రసంగమును సాకుగ చూపినచో చెవి మెలిపెట్టుడు.

ఈ మాటలే అల్లునికిని చెప్పితిని. అతడు ఎదురాడలేదు. నేను ఆ సీసాల మెడలకు కట్టిన కాగితములను మరల చూచితిని. అన్నిటికంటె పాతది అయిదేండ్ల నాటిది. ఇట్టి బలమైన నల్లబీరు సీసాలోను ఏండ్ల తరబడి నిలుచుననియు, ఘాటు తగ్గి మెత్తబడుననియు అల్లుడు చెప్పెను. ఏడాదికి రెండు మూడు కొనుననియు, మిత్రులు నలుగురు కూడినప్పుడు ఒకటి విప్పి పంచుకొందురనియు అనెను. మాట మాటయే, నేను లెక్క చూచితిని. మేమచ్చట ఇంకను నుండిన ఏడు వారములలో, నేను రుచి చూచినది గాక, తగ్గినది ఒక్కటే. మా అన్న ఉదయము కొన్నదానిని సాయంకాలము వఱకు ఉంచి యెఱుగడు. అయిదేండ్లు సీసాను నిలుపగలవాడు వేఱొక జాతి మనిషి యని నాకు తోచినది. ఆ తోచుట నిజమో, అమ్మాయి మీది మమకారమో, ఇప్పటికిని తేల్చుకొనలేకున్నాను. మా అన్నయు మొదటి యేడు పండుగలకే త్రాగెడివాడు.

కావున బయలుదేఱునాడు అల్లుని ఒక్కటి కోరితిని. “త్రాగవద్దని నేను శాసింపను, నీవు నా విద్యార్థివి కావు. కాని ఆ సీసాలు మెట్ల క్రింద ఉండరాదు. వంటయింటి అలమరలో, అమ్మాయికి కనబడుచోట నుండవలెను. గుడ్డ కప్పరాదు.” అతడు సరే ననెను. ఆ దినమున నాకు విఱిగిన పీపా పలకముక్క యొకటి తెచ్చి యిచ్చెను. ఒక వైపు బొగ్గు, దాని వెనుక మద్యము ఇంకినంత మేర ఎఱ్ఱని చాఱ, ఆపైన తెల్లని చేవ. తెచ్చి బడిపిల్లలకు చూపవలెనని యుండెను గాని, చెక్కను దేశము దాటించుటకు అనుమతిపత్రములు కావలెనని చెప్పగా అచ్చటనే విడిచితిని.

ప్రతి మార్గశిరమునను అల్లుడు ఫోను చేయును. ఈ యేటిదానిలో కొబ్బరి వాసన తక్కువ, కరక్కాయ యెక్కువ యని నా మాటనే నాకు అప్పగించును. మొన్న ఫోను అమ్మాయి తీసికొన్నది. అలమర తలుపు తెఱచిన చప్పుడు వినబడినది. “తొమ్మిది యున్నవి నాన్నగారూ” అని లెక్క చెప్పినది.

సెలవు.